సీలు విప్పని 11 రికార్డులు: విందామా, దాచుదామా, అమ్ముదామా?

బీచ్‌రోడ్‌వాసి
అందరికీ నమస్కారం. విశాఖ నుంచి రాస్తున్నాను. మా మేనమామ మర్చంట్ నేవీలో ఇంజనీరు. 1974 నుంచి ఇరవై ఏళ్లకు పైగా ఓడల మీదే ఉన్నారు. సింగపూర్, రోటర్‌డామ్, న్యూయార్క్, హ్యూస్టన్, ఏ రేవులో దిగినా రికార్డుల షాపు వెతుక్కుని ఒకటో రెండో ఎల్పీలు కొనుక్కొచ్చేవారు. కొన్నిటిని వినేవారు, కొన్నిటిని మాత్రం "ఇవి రిటైరయ్యాక, మంచి ప్లేయర్ కొన్నాక" అని అలాగే ఉంచేశారు. ఆ ప్లేయర్ కొనలేదు. రిటైరయ్యాక మోకాళ్లు, తర్వాత గుండె, అలా గడిచిపోయింది. పోయిన ఏడాది కార్తీకంలో పోయారు. మొన్న అత్తయ్య ట్రంకు పెట్టె నాకు అప్పగించింది. అందులో ప్లాస్టిక్ సీలు కూడా విప్పనివి 11 ఉన్నాయి. పింక్ ఫ్లాయిడ్ వాళ్ల డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్, ఫ్లీట్‌వుడ్ మాక్ రూమర్స్, మైల్స్ డేవిస్ కైండ్ ఆఫ్ బ్లూ, మిగతావి ఎక్కువ జాజ్, కొంత రాక్. ఇవి కాక ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారి బాలాజీ పంచరత్నమాల 5 రికార్డుల సెట్టు. అది సీలుతో లేదు కానీ ప్లేయర్ ముల్లు పెట్టిన జాడ లేదు.

మా తమ్ముడు అమ్మేయమంటున్నాడు, మా ఆవిడ దాచమంటోంది. నాకైతే వినాలని ఉంది, కానీ సీలు చింపితే మళ్లీ అతికించలేం కదా అనే టెన్షన్. నా దగ్గర ప్లేయర్ కూడా లేదు. ఏం చేయమంటారు?

కోఠి_కలెక్టర్
ముందు ఒక్క మాట. ఎవరు ఏం చెప్పినా ఈ వారం ఏదీ విప్పకండి. ముందూ వెనకా, వీపు అంచు మీది నంబరూ, ప్లాస్టిక్ మీద స్టిక్కర్లుంటే అవీ ఫోటోలు తీసి పెట్టండి.

సీలు విలువ తెలియాలంటే ఒక సంగతి చెబుతాను. 1966లో బీటిల్స్ ఆల్బమ్ ఒకటి అమెరికాలో కసాయి కోట్లు వేసుకున్న బొమ్మతో అచ్చయింది. గోల రావడంతో క్యాపిటల్ కంపెనీ వెనక్కి తెప్పించి చాలా కాపీల మీద వేరే బొమ్మ అతికించి మళ్లీ బయటికి పంపింది. కంపెనీ ప్రెసిడెంటుగా ఉన్న అలన్ లివింగ్‌స్టన్ మాత్రం పాత బొమ్మతోనే ఉన్న సీల్డ్ కాపీల పెట్టె ఒకటి ఇంటికి తీసుకెళ్లి అల్మారాలో పెట్టారు. ఇరవై ఏళ్ల తర్వాత, 1986లో ఆయన కొడుకు వాటిని బయటికి తెచ్చాడు. వాటిలో ఒకటి 2016లో వేలంలో 1,25,000 డాలర్లు పలికింది. ఆ రోజు ఆ ఇంట్లో ఎవరో ఒకరు "ఏముందిలే, విందాం" అనుకుని విప్పి ఉంటే అంత ధర వచ్చేదే కాదు.

నల్లపళ్లెం
కలెక్టర్ గారూ, మీరంటే గౌరవం ఉంది కానీ ఇలా కోటి రూపాయల కథ చెబితే పాపం ఆయన ట్రంకు పెట్టె పక్కన నిద్రపోకుండా కూర్చుంటారు. రికార్డు అనేది మోగడానికి పుట్టింది. యాభై ఏళ్లు మోగలేదు, ఇంకో యాభై ఏళ్లు అటక మీద పెడితే ఎవరికి ఉపయోగం? అమెరికాలో ఈమధ్య ఒక సర్వేలో తేలిందేమిటంటే, రికార్డులు కొనేవాళ్లలో సగం మంది ఇళ్లలో అసలు ప్లేయరే లేదట. అది చదివి నాకు చాలా బాధేసింది. మీ మామయ్య గారు వినడానికే కొన్నారు. విప్పండి, వినండి.

డాలస్_రికార్డులు
నేను ఇక్కడ వారాంతాల్లో పాత రికార్డులు కొని అమ్ముతుంటాను, పదేళ్లవుతోంది. ఇద్దరు చెప్పిందీ నిజమే కానీ రెండూ మీ 11కీ ఒకేలా వర్తించవు. ఒక్కొక్కదాన్ని విడిగా చూడాలి.

రూమర్స్ ప్రపంచంలో నాలుగు కోట్లకు పైగా అమ్ముడుపోయిన ఆల్బమ్. ఇక్కడ ఏ గరాజ్ సేల్‌కి వెళ్లినా ఒకటి కనబడుతుంది. సీలుంటే కొంత ఎక్కువ పలుకుతుంది, ఇల్లు మారేంత డబ్బేమీ రాదు. డార్క్ సైడ్ సంగతి వేరు. 1973లో మొదట వచ్చిన కాపీ అయితే అడిగేవాళ్లు చాలామంది ఉంటారు, కానీ అమెరికా కాపీ ఎస్.ఎం.ఎ.ఎస్. 11163 అనే అదే నంబరుతో ఏళ్ల తరబడి అచ్చవుతూనే వచ్చింది. మొదటిదా తర్వాతదా అని తేల్చేది రికార్డు మీద పాటలు అయిపోయాక లేబుల్ చుట్టూ ఉండే ఖాళీ పట్టీలో గీసిన అక్షరాలు. సీలు విప్పకుండా అవి చూడలేం. సీల్డ్ రికార్డుతో వచ్చే చిక్కే ఇది, విలువ తెలియాలంటే విప్పాలి, విప్పితే విలువ తగ్గుతుంది. అందుకే కొనేవాడు కూడా భయపడుతూనే కొంటాడు.

ఇవి చూసి చెప్పండి. వెనక బార్‌కోడ్ ఉందా? ఎల్పీల మీద బార్‌కోడ్లు 1979, 80 ప్రాంతంలో మొదలయ్యాయి, కాబట్టి అంతకు ముందు ఆల్బమ్ మీద బార్‌కోడ్ ఉంటే అది తర్వాత వేసిన కాపీ. అట్ట మూల కత్తిరించి ఉందా, అంచున రంపంతో కోసిన గాటుందా, చిన్న రంధ్రం ఉందా? అవి కంపెనీ మిగులు సరుకుగా తక్కువకు వదిలించుకున్నవి, ధర తగ్గుతుంది. ఇంకొకటి, ప్లాస్టిక్ మరీ కొత్తగా, మందంగా ఉందా? ఇక్కడ చాలా షాపుల్లో సీలు వేసే మెషీన్ ఉండేది, వెనక్కి వచ్చిన రికార్డుకి కూడా మళ్లీ సీలు వేసి అరలో పెట్టేవాళ్లు. అంటే సీలున్నదల్లా కొత్తది కాదు.

ధర చూసేటప్పుడు డిస్కాగ్స్‌లో (రికార్డులు కొని అమ్ముకునే వెబ్‌సైటు) అమ్మేవాడు అడుగుతున్న ధర చూడకండి, అమ్ముడుపోయిన ధరల చరిత్ర చూడండి. అడగడానికి ఎవరైనా ఎంతైనా అడుగుతారు.

బీచ్‌రోడ్‌వాసి
చాలా థాంక్సండీ. నిన్న రాత్రి హాల్లో దుప్పటి పరిచి అన్నీ పెట్టి చూశాను, పేర్ల పట్టిక ఫోటోతో పెట్టాను. మూడింటికి బార్‌కోడ్ ఉంది, కైండ్ ఆఫ్ బ్లూ అందులో ఒకటి. రెండింటి మూలలు కత్తిరించి ఉన్నాయి. ఒకదాని ప్లాస్టిక్ మిగతావాటికంటే చాలా మందంగా, లోపల అట్ట అంచు అరిగి తెల్లగా కనిపిస్తోంది, మీరు చెప్పిన మళ్లీ వేసిన సీలు అదేనేమో. డార్క్ సైడ్ మీద బార్‌కోడ్ లేదు, నంబరు మీరు చెప్పిందే, మూలలు బాగున్నాయి. రూమర్స్ మీద పసుపు రంగు ధర స్టిక్కర్ ఉంది, 5.99 డాలర్లు, కింద షాపు పేరు సగం చెరిగిపోయింది.

ఒకటి గమనించాను. రెండు రికార్డులు బల్ల మీద పెడితే అట్ట మధ్యలో కొద్దిగా పైకి లేచినట్టుంది. ఇది మామూలేనా?

సూది_గాడి
మామూలు కాదండీ. చుట్టిన ప్లాస్టిక్ ఏళ్లు గడిచేకొద్దీ ఇంకా బిగుసుకుంటుంది. బిగుసుకుని నాలుగు అంచులూ లోపలికి లాగుతుంది, దాంతో అట్ట వంగుతుంది, లోపలి రికార్డు కూడా వంగుతుంది. సీలు రికార్డుని కాపాడుతుందని అందరూ అనుకుంటారు గానీ అది దుమ్ము నుంచి, వేలిముద్రల నుంచి మాత్రమే కాపాడుతుంది, వంకర పోకుండా ఏ సీలూ ఆపలేదు. ట్రంకు పెట్టెలో ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టి ఉంచారా? అయితే ఆ రెండూ వంకర పోయే ఉంటాయి. ముందు అన్నిటినీ నిలువుగా, పుస్తకాల్లా నిలబెట్టండి, వాలిపోకుండా రెండు వైపులా ఆసరా పెట్టండి. పై అంతస్తు ఇనుప బీరువాలో మాత్రం వద్దు. రోహిణీ కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, రికార్డులు చేసే వినైల్ ప్లాస్టిక్‌కి అంత కూడా అక్కర్లేదు, ఎండలో మూసిన కారులో ఒక మధ్యాహ్నం మర్చిపోతే చాలు గిన్నెలా ముడుచుకుంటుంది.

లోపల ఇంకో ప్రమాదం కూడా ఉండొచ్చు. రికార్డు మెత్తటి పీవీసీ కవర్లో ఉంటే ఆ ప్లాస్టిక్‌ని మెత్తగా ఉంచడానికి కలిపిన రసాయనం కాలక్రమంలో బయటికి వచ్చి రికార్డు మీద పొగ మంచులా పడుతుంది. కడిగినా పోదు. పాట వెనక సన్నగా 'ష్' అని వినిపిస్తూనే ఉంటుంది. నా దగ్గర అలా పాడైనవి రెండున్నాయి. రెండూ చాలా ఇష్టపడి, అప్పట్లో నా జీతంలో పెద్ద భాగం పెట్టి సీల్డ్ అని కొన్నవి. అందులో ఒకటి విప్పాక చూస్తే మధ్య రంధ్రం కూడా సరిగ్గా నడుమన లేదు, మొదటి నుంచి చివరి దాకా స్వరం ఊగుతూ ఉంటుంది. అది ఫ్యాక్టరీలోనే జరిగిన తప్పు. సీలు లోపల ఉన్నంతకాలం అది మచ్చలేని రికార్డు అనే అందరూ అనుకున్నారు, అమ్మినాయన కూడా.

మృదంగం72
నేను ఎం.ఎస్. అమ్మ సెట్టు గురించి మాత్రం చెబుతాను. పి.వి.ఆర్.కె. ప్రసాద్ గారు ఈవోగా ఉన్నప్పుడు టీటీడీ పూనుకుని చేయించిన రికార్డులివి. అన్నమయ్య కీర్తనలు అంతమంది ఇళ్లలోకి వెళ్లడానికి ఆ 5 పళ్లేలు ఎంతో కారణం. దాన్ని అమ్మొద్దు బాబూ. డబ్బు కోసం అని కాదు, విడిగా ఒకటీ రెండూ దొరుకుతాయి గానీ అయిదూ కలిసి, అట్టలు చిరగకుండా, ముల్లు పెట్టకుండా ఉన్న సెట్టు మళ్లీ కొందామంటే దొరకడం కష్టం.

ఇంకో సంగతి, ఇది చదివే కుర్రాళ్లందరి కోసం. మన దేశంలో ఆ రోజుల్లో హెచ్‌ఎంవీ ఎల్పీలు ఎక్కువగా అమెరికావాటిలా బిగించిన సీలుతో వచ్చేవి కావు. షాపుకి వెళితే ఒక పాట వేసి వినిపించేవాళ్లు, నచ్చితే కొనేవాళ్లం, అట్ట మీద ఒక వదులు ప్లాస్టిక్ కవరు, అంతే. ఇప్పుడు ఎవరైనా '1970ల నాటి ఒరిజినల్ సీల్డ్ తెలుగు రికార్డు' అని ఎక్కువ ధర చెబితే నాలుగు ప్రశ్నలు అడిగాకే డబ్బు తీయండి. మా స్నేహితుడికి అలాగే ఒకటి అంటగట్టారు, విప్పితే గీతలే.

కోఠి_కలెక్టర్
సూది గారు చెప్పింది ఒప్పుకుంటాను, వంకర పోతాయి, పొగ పడుతుంది. అయినా నా మాట మారదు. ఎందుకంటే ఆ పాటలు వినాలంటే వంద దారులున్నాయి. అదే ఆల్బమ్ ముందే విప్పిన మంచి కాపీ కొనుక్కోవచ్చు, సీల్డ్ దాని ధరలో చిన్న భాగానికి వస్తుంది. వినే కోరికా తీరుతుంది, సీలూ ఉంటుంది. విప్పని కాపీలు లోకంలో రోజురోజుకీ తగ్గుతాయే గానీ పెరగవు. ఇలా ఉన్నది ఉన్నట్టుగా దాచేవాళ్లు కొందరు ఉండబట్టే కదా, ఆ రోజుల్లో ఏ స్టిక్కర్ ఎక్కడ అతికించారో, లోపల ఏం పెట్టారో మనకి తెలుస్తోంది. డార్క్ సైడ్ లోపల రెండు పోస్టర్లు, రెండు స్టిక్కర్లు ఉండాలి. విప్పిన కాపీల్లో అవి గోడలకెక్కి ఎప్పుడో చిరిగిపోయాయి. మీ దగ్గరిది సీలుతో ఉంది కాబట్టి అవి లోపలే ఉండి ఉంటాయి. ఆ ఒక్కటైనా వదిలేయండి, ప్రాధేయపడుతున్నాను.

తెనాలి_రేడియో
ఇన్నాళ్లూ చదవడమే గానీ ఇక్కడ ఎప్పుడూ రాయలేదు. ఇది చూశాక రాయకుండా ఉండలేకపోయాను.

మా నాన్నగారికి రేడియోలు బాగుచేసే షాపు ఉండేది, అందులోనే ఒక వైపు రికార్డులు అమ్మేవారు. పెళ్లిళ్లకి మైకు సెట్టుతో పాటు అద్దెకు కూడా ఇచ్చేవారు. టేపులు వచ్చాక రికార్డు అడిగినవాడే లేడు. అమ్ముడుపోని సరుకు రెండు చెక్క పెట్టెల నిండా ఉండిపోయింది. 1991లో షాపు ఖాళీ చేయాల్సొచ్చి తూకానికి ఇచ్చేశాం. అట్టలు వేరు చేసి కాగితంతో కలిపి, పళ్లేలు విడిగా. నాన్నగారు ఆ రోజు షాపుకి రాలేదు, ఇంట్లోనే ఉన్నారు. ఆయన ఏం ఉంచుకోవాలనుకున్నారో మేము అడగలేదు. ఆ సరుకులో ఏది ఎంత విలువైనదో ఇప్పుడు లెక్కేసుకోను, నాకు బాధ అది కాదు. ఒక్క మాట అడిగి ఉండాల్సింది.

బీచ్‌రోడ్ గారూ, మీరూ మీ తమ్ముడూ మీ ఆవిడా ఏమంటున్నారో రాశారు. మీ అత్తయ్య గారు ఏమన్నారో రాయలేదు. పెట్టె ఆవిడ ఇచ్చారు కదా.

బీచ్‌రోడ్‌వాసి
తెనాలి గారూ, మీ పోస్టు చదివి ఆ సాయంత్రమే మహారాణిపేటలో అత్తయ్య దగ్గరికి వెళ్లాను. నిజంగా నేను అడగలేదు. "నీకే ఇచ్చాను కదరా, నీ ఇష్టం" అంటుందనుకున్నాను.

ఆవిడ ముందు అదే అంది. తర్వాత కాసేపటికి, ఆ పసుపు స్టిక్కర్ రికార్డు ఉందా అని అడిగింది. పెళ్లయిన కొత్తలో ఒక్కసారి మామయ్యతో పాటు ఓడలో వెళ్లిందట. హ్యూస్టన్‌లో షాపులో అది మోగుతుంటే బాగుందని నిలబడి వింది, భాష అర్థం కాకపోయినా. మామయ్య వెంటనే కొన్నారు. ఇంటికొచ్చాక వాళ్ల పాత ప్లేయర్ మీద వేస్తే గాడులు చెడిపోతాయని, మంచిది కొన్నాక వినిపిస్తానని దాచారు. ప్రతిసారీ సెలవులకి వచ్చినప్పుడు తీసి తుడిచి మళ్లీ పెట్టేవారట. "ఆ పాట ఎలా ఉంటుందో మర్చిపోయాన్రా, ఒకసారి వినాలి" అంది. అదే కావాలంది, మిగతావాటి ఊసు ఎత్తలేదు.

అంటే అందరూ ఏమాత్రం విలువ లేదన్న రూమర్సే.

డాలస్_రికార్డులు
అయితే ఆ రికార్డు సంగతి తేలిపోయింది. అది అమ్మేది కాదు.

మిగతావాటికి నా సలహా: ఆ మందం ప్లాస్టిక్ దాన్నీ, మూలలు కత్తిరించిన రెండింటినీ నిశ్చింతగా విప్పి వినండి. బార్‌కోడ్ ఉన్న కైండ్ ఆఫ్ బ్లూ కూడా వినండి, అది దాచుకునే కాపీ కాదు గానీ వినడానికి చాలా బాగుంటుంది. డార్క్ సైడ్ దాచండి, కలెక్టర్ గారి కోసమైనా. మీ పట్టికలో రెండు జాజ్ రికార్డులు నాకు తెలిసి ఎక్కువ అచ్చు కాలేదు, అవి మీకు ఇష్టమైన సంగీతం కాకపోతే అమ్మండి. కొనేవాళ్లు వాటి కోసం ఏళ్లుగా వెతుకుతుంటారు, వాళ్ల చేతికి చేరడం కూడా మంచిదే.

పోస్టులో పంపేటప్పుడు జాగ్రత్త. విప్పిన రికార్డయితే అట్టలోంచి తీసి పక్కన పెట్టి ప్యాక్ చేస్తాం, దార్లో దెబ్బ తగిలినా రికార్డు అంచు అట్టని చీల్చదు. సీల్డ్‌కి ఆ వీలు లేదు. అందుకని రెండు వైపులా గట్టి అట్టలు, మూలలకు ఖాళీ వదిలి, లోపల కదలకుండా బిగించాలి. సీలు ఫ్యాక్టరీదని మీకు నమ్మకం లేకపోతే ఆ మాట రాయండి. డిస్కాగ్స్ వాళ్ల కమీషన్ పోస్టేజీ మీద కూడా పడుతుంది, ధర పెట్టేటప్పుడే లెక్క వేసుకోండి.

నల్లపళ్లెం
అత్తయ్య గారి మాట చదివి కళ్లు చెమర్చాయి. ప్లేయర్ విషయంలో ఒక్కటే మనవి, దయచేసి ఆ సూట్‌కేసు బొమ్మ ప్లేయర్లు కొనకండి. చాలావాటిలో ముల్లు రికార్డు మీద మోపే బరువు అయిదు గ్రాములు పైనే ఉంటుంది. మామూలు మంచి ప్లేయర్లో రెండు గ్రాముల దగ్గర పెట్టుకుంటాం. మీ మామయ్య గారు అన్నేళ్లు ఆగింది ఆ తేడా కోసమే. ఆయన అనుకున్న దాని మీదే మోగనివ్వండి.

సూది_గాడి
విప్పే పద్ధతి చెబుతాను. ప్లాస్టిక్ మొత్తం చింపకండి. అట్ట తెరుచుకునే వైపు ఉంటుంది కదా, ఆ నోటి దగ్గర మాత్రం గోరుతో గానీ, ఏదైనా ప్లాస్టిక్ కార్డు అంచుతో గానీ నెమ్మదిగా చీల్చండి. బ్లేడు వద్దు, అట్ట తెగుతుంది. అలా చేస్తే మిగతా ప్లాస్టిక్, దాని మీది ధర స్టిక్కర్ అలాగే ఉంటాయి. ప్లాస్టిక్ బాగా బిగుసుకుని అట్టని వంచేస్తుంటే మాత్రం మొత్తం తీసేయండి, స్టిక్కర్ ఉన్న ముక్క కత్తిరించి లోపల దాచండి.

మొదటిసారి వేసే ముందు పొడి బ్రష్‌తో దుమ్ము తీయండి. కొత్త రికార్డు మీద స్టాటిక్ (రాపిడి కరెంటు) ఎక్కువ ఉంటుంది, చిటపటలాడుతుంది, భయపడకండి. పాత కాగితం కవరు మార్చి మెత్తటి యాంటీ స్టాటిక్ కవర్లో పెట్టండి. విశాఖ చెమ్మకి అట్టల మీద బూజు పడుతుంది, సిలికా జెల్ సంచులు అరలో వేసి అప్పుడప్పుడు మారుస్తూ ఉండండి. ట్రంకులో 78 ఆర్‌పీఎం లక్క రికార్డులు కూడా ఏమైనా ఉంటే వాటిని స్పిరిట్ కలిసిన దేనితోనూ తుడవొద్దు, కరిగిపోతాయి.

మృదంగం72
పంచరత్నమాల కూడా ఆ ప్లేయర్ మీద ఒకసారి వేయండి. ఒకసారి వింటే అరిగిపోదు. దేవుడి పాట పెట్టెలో ఉండకూడదు.

బీచ్‌రోడ్‌వాసి
ఆరు వారాల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి క్షమించండి.

ప్లేయర్ కొన్నాను. ముల్లు బరువు సర్దుకునే వీలున్నదే. సూది గారు చెప్పిన పద్ధతి మొదట ఆ మందం ప్లాస్టిక్ రికార్డు మీద సాధన చేశాను. విప్పితే లోపల వేలిముద్రలు, ఒక పొడుగాటి గీత. మళ్లీ వేసిన సీలే. దాని మీదే ముల్లు దించడం, ఎత్తడం నేర్చుకున్నాను.

ఒక ఆదివారం అత్తయ్యని ఇంటికి తీసుకొచ్చాం. రూమర్స్ తనే విప్పుతానంది. చేతి గోళ్లు చిన్నవి, రాలేదు. బ్యాంకు కార్డు అంచుతో నేను కొంచెం చీల్చి ఇస్తే మిగతాది తను లాగింది. స్టిక్కర్ అలాగే ఉంది. రికార్డు అంచు ఒక వైపు కొద్దిగా లేచి ఉంది, తిరుగుతుంటే ముల్లు మెల్లగా పైకీ కిందికీ ఊగింది, కానీ పాట ఎక్కడా తప్పలేదు. మొదటి వైపు అయిపోయేదాకా ఆవిడ ఏమీ మాట్లాడలేదు. ముల్లు చివరికి వెళ్లి ఆగాక "ఇది కాదు, షాపులో విన్నది ఇంకోటి, రెండో వైపు ఉంటుందేమో తిప్పు" అంది. తిప్పాను. రెండో వైపు మొదటి పాట మొదలవగానే చెయ్యి ఎత్తి, ఇదే అన్నట్టు చూపించింది.

రెండు జాజ్ రికార్డులు డిస్కాగ్స్‌లో పెట్టాను. ఒకటి జపాన్‌కి వెళ్లింది, సరిగ్గా చేరిందని రాశారు. రెండోది ఇంకా అమ్ముడుపోలేదు. డార్క్ సైడ్ నిలువుగా, సీలుతోనే అరలో ఉంది, కలెక్టర్ గారు కోరినట్టే. పంచరత్నమాల శనివారాలు పొద్దున్నే ఒక్కో వైపు వేస్తున్నాం. మిగిలిన ఆరింటి గురించి ఇంకా ఏమీ అనుకోలేదు, తొందర లేదు.

కోఠి_కలెక్టర్
సంతోషం. రూమర్స్ అంచు లేచిన వైపు ఎంత ఎత్తుందో పక్కనుంచి ఫోటో తీసి పెడతారా? ఎక్కువ లేకపోతే అలాగే వదిలేయండి, దయచేసి సరిచేయడానికి వేడి మాత్రం చూపించకండి.